ఫిషింగ్ కయాక్ మీద తెరచాప: చాలాకాలం వాడాక

టెక్సస్‌లో కార్పస్ క్రిస్టీ దిగువన ఉన్న లగూనా మాద్రే అనే ఉప్పునీటి కయ్యలో చేపలు పట్టేవాళ్లకి కయాక్ (సన్నటి చిన్న పడవ) మీద తెరచాప దండగ ఖర్చు కాదు. నీళ్లు చాలాచోట్ల మూడు నాలుగు అడుగులే. ఆగ్నేయం గాలికి కొదవ ఉండదు, మధ్యాహ్నానికి అది ఇంకా పుంజుకుంటుంది. అందుకే పొద్దున్నే పెడల్ తొక్కుకుంటూ గాలికి ఎదురు వెళ్లాలి, తిరుగు ప్రయాణం గాలివాటున తెరచాపకి వదిలేయాలి. ఇది తారుమారైతే కాళ్లు పడిపోతాయి.

నేను వాడేది ఇరవై చదరపు అడుగుల తెరచాప, దాన్ని నిలబెట్టే రెండు ముక్కల కొయ్య. కొయ్యని చేత్తో తిప్పితే చాప దానికే చుట్టుకుంటుంది. గాలి ఎనిమిది నుంచి పదిహేను నాట్ల మధ్య (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.15 మైళ్లు) ఉంటే హాయిగా ఉంటుంది, అది దాటితే సగం చుట్టేయాలి, ఇరవైకి చేరుతుంటే పూర్తిగా దించేయాలి.

కాళ్లతో తొక్కితే అడుగున రెక్కలు ఆడి ముందుకి నడిచే హోబీ మిరాజ్ తరహా పెడల్ కయాక్‌లో రెండు పెడళ్లూ సమంగా పెడితే అడుగున రెక్కలు నిలువుగా నిలుస్తాయి, పడవ పక్కకి జారదు. లోతు తగ్గిందని ఒక పెడల్ పూర్తిగా ముందుకి తోస్తే రెక్కలు అడుగుకి అతుక్కుంటాయి, ఆ క్షణం నుంచే పడవ పక్కకి కొట్టుకుపోతుంది. నీటిగడ్డి చుట్టుకున్నా దాదాపు అంతే, చుక్కాని మాట వినడం మానేస్తుంది. ఇక అడుగున ఏమీ లేని తెడ్డు కయాక్‌కైతే ఇంత సరంజామా వద్దు, గాలివాటున మాత్రమే లాగే గుండ్రటి మడత చాప చాలు.

ఎర లాగుతూ వెళ్లడానికి గంటకి రెండు మూడు మైళ్ల వేగం బాగుంటుంది. గాలి విసురుకి వేగం పెరిగితే ఎర పైకి తేలిపోతుంది, చాప తాడు కాస్త వదలాలి. చేప పట్టుకోగానే చెయ్యి గేలం కర్ర మీదకే పోతుంది. కానీ ముందు తాడు వదలాలి, తర్వాత చాప చుట్టాలి, ఆ తర్వాతే కర్ర అందుకోవాలి. పడవ సాగిపోతూనే ఉంటే స్పెకిల్డ్ ట్రౌట్ అనే చేప మెత్తటి నోరు చిరిగి గేలం ఊడొస్తుంది. తాడుని ఎప్పుడూ ముడి వేసి కట్టేయొద్దు, ఒక్క గుంజుడుకి ఊడే క్లీట్‌లోనే (తాడు పట్టి ఉంచే బిగింపులో) ఉంచండి. చాప తెరిచి ఉండగా తల మీద నుంచి గేలం విసరడం కుదరదు. ముందువైపు రాడ్ హోల్డర్లు (గేలం కర్రలు నిలబెట్టే గొట్టాలు) కూడా తాడుకి అడ్డమే, కర్రలన్నీ సీటు వెనక్కి మార్చుకోవాలి.

బోల్తా పడితే కొయ్య తీయకుండా పడవని తిప్పడం చాలా కష్టం. నీళ్లు నిండిన చాప పడవని కిందికే లాగుతుంది, మూడడుగుల లోతులోనైతే కొయ్య కొస బురదలో దిగబడుతుంది. కొయ్యకి ఒక చిన్న తాడు కట్టి ఉంచుకుంటే అది కొట్టుకుపోదు. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, హ్యాచ్‌లో (పడవ లోపలి మూతపెట్టె అరలో) కాదు.

ఇంటికొచ్చాక రెండు ముక్కలూ విడదీసి మంచినీళ్లతో కడగాలి. కడగకపోతే ఉప్పూ ఇసుకా అతుకులో బిగుసుకుపోయి మళ్లీ ఊడదీయడం గగనమవుతుంది. చాపని మడవకూడదు, చుట్టి నీడలో పెట్టాలి. మడిస్తే ముందు చాపలోని పారదర్శక కిటికీ గీతలు పడి పగులుతుంది, ఎండలో వదిలేస్తే గుడ్డకన్నా ముందు కుట్టు దారం పోతుంది.