ఒకే మేడ మీద పాలీ, టాప్‌కాన్ సోలార్ పలకలు

వనస్థలిపురంలోని మా మేడ మీద 2017లో 320 వాట్ల పాలీ (పాలీక్రిస్టలైన్ సిలికాన్‌తో చేసిన పాత రకం) సోలార్ పలకలు పది పెట్టించాను. 2023లో వాటి పక్కనే 550 వాట్ల టాప్‌కాన్ (TOPCon అనే కొత్త రకం సిలికాన్) పలకలు ఆరు చేరాయి. అన్నీ దక్షిణానికే, హైదరాబాద్ అక్షాంశానికి తగినట్టు 17 డిగ్రీల వాలులో ఉన్నాయి. రెండు వరుసలకూ వేర్వేరు ఇన్వర్టర్లు ఉండడంతో, కిలోవాటుకు ఎన్ని యూనిట్లు వచ్చాయో రోజూ రాసుకుంటూ వచ్చాను.

తేడా బాగా తెలిసేది మే నెల మధ్యాహ్నాల్లో. పలక మీద రాసి ఉండే వాట్లు, అందులోని సెల్ (ఎండను కరెంటుగా మార్చే బిళ్ల) వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. ఒకరోజు ఒంటిగంటకు పాలీ పలక వెనుక థర్మామీటర్ ఆనించి చూస్తే 65 చూపించింది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ పాలీలో సుమారు 0.4 శాతం, టాప్‌కాన్‌లో సుమారు 0.3 శాతం ఉత్పత్తి పడిపోతుంది కనుక, ఆ వేడిలో పాలీ 16 శాతం, టాప్‌కాన్ 12 శాతం నష్టపోతాయి. అందుకే మా ఇంట్లో మండే మే కన్నా, ఆకాశం తేటగా ఉండి వేడి ముదరని మార్చిలోనే ఎక్కువ యూనిట్లు వస్తాయి. అయితే పాతవాటికి వయసు వల్ల వచ్చిన తరుగుదల కూడా ఉంది కాబట్టి, తేడా మొత్తాన్నీ సాంకేతికత ఖాతాలో వేయడం న్యాయం కాదు.

విజయవాడ రహదారి దుమ్ముకు మాత్రం పాత, కొత్త భేదం లేదు. మొదట్లో బోరు నీళ్లతో కడిగించేవాణ్ణి. నీళ్లు ఆరాక అద్దం మీద తెల్లటి ఉప్పు చారలు మిగిలి, ఎంత తుడిచినా వదిలేవి కావు. ఇప్పుడు పదిహేను రోజులకోసారి, తెల్లవారుజామున పలకలు చల్లగా ఉన్నప్పుడే, నల్లా నీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి నేనే తుడుస్తున్నాను. పావురాల రెట్ట కనిపిస్తే ఆ రోజే తీసేయాలి. అది కప్పిన సెల్ కరెంటును అడ్డుకుని వేడెక్కుతుంది. అలా ఒక పాలీ పలకలో గోధుమరంగు మచ్చ పడి, ఇప్పటికీ అలాగే ఉంది.

నీడ విషయంలో కొత్తవే మేలు. చలికాలంలో మూడున్నరకల్లా నీళ్ల ట్యాంకు నీడ రెండు వరుసల కింది అంచుల మీదా పడుతుంది. పాలీ పలకలో నీడ కింది అంచును పూర్తిగా కప్పితే చాలు, దాదాపు పలకంతా పనిచేయడం మానేస్తుంది. సెళ్లను సగానికి కోసి, పై సగం, కింది సగం విడివిడిగా పనిచేసేలా కలిపిన టాప్‌కాన్‌లో పై సగం తన పని తాను చేసుకుంటుంది. నీడ సంగతి ముందే చెప్పినా, పెట్టడానికి వచ్చినవారు పట్టించుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కొత్త పలకలకు వెనుక వైపు కూడా అద్దమే, అటు పడిన వెలుతురుతోనూ కరెంటు వస్తుంది. కింద నుంచి తిరిగి వచ్చే వెలుతురు పనికొస్తుందని డాబాకు తెల్ల రంగు వేయించాను కానీ, స్టాండు అడుగున్నర ఎత్తే ఉండడంతో పెద్దగా లాభం కనిపించలేదు. కొత్తగా పెట్టించుకునేవారు స్టాండును మనిషి నడిచేంత ఎత్తులో వేయించుకోవడం మంచిది. కడగడానికీ అదే వీలు.