లీజా, లైసెన్సా? అగ్రిమెంట్ రాసుకునే ముందు

తేడా అంతా స్వాధీనంలోనే ఉంది. లీజులో ఆస్తిని అనుభవించే హక్కు అద్దెదారుకు బదిలీ అవుతుంది. లైసెన్సు వట్టి అనుమతి, స్వాధీనం యజమానిదే.

ఖర్చు: కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదు (కొన్ని రాష్ట్రాల్లో అంతకన్నా తక్కువ గడువుకూ కావాలి). 11 నెలల అగ్రిమెంట్లు అందుకే పుట్టాయి. లైసెన్సుకు సాధారణంగా ఆ బాధ లేదు. మహారాష్ట్రలో మాత్రం దాన్నీ రిజిస్టర్ చేయించాల్సిందే.

ఖాళీ చేయించడం: ఒప్పందంలో వేరే షరతు లేకపోతే నెలవారీ లీజుకు 15 రోజుల నోటీసు, కదలకపోతే కోర్టు. లైసెన్సును రద్దు చేయొచ్చు. అయితే అనుమతి మేరకు లైసెన్సుదారు సొంత ఖర్చుతో శాశ్వత కట్టడం కడితే అంత తేలిక కాదు.

ఆస్తి అమ్మితే: లీజు కొత్త యజమాని మీదా చెల్లుతుంది. లైసెన్సు అతన్ని కట్టిపడేయదు.

ఎక్కువమంది దెబ్బతినేది శీర్షికను నమ్మి. ఢిల్లీలో ఒక హోటల్ గదుల్లో క్షౌరశాల నడుపుకోడానికి రాసిన పత్రంలో ‘లైసెన్సు’ అనే ఉంది. 1959లో సుప్రీంకోర్టు అది లీజేనని తేల్చింది. గదుల మీద పూర్తి స్వాధీనం ఇచ్చేశాక పైన ఏ పేరు రాసినా లాభం లేదు.

ఇల్లు, గోదాము, పెట్టుబడి పెట్టే షాపు అయితే లీజు రాసుకోండి. మాల్‌లో కియోస్కు, ఆఫీసు క్యాంటీను, ఎగ్జిబిషన్ స్టాలుకు లైసెన్సు చాలు. తాళం యజమాని దగ్గరే ఉండాలి.