పటమట జామ్ రూమ్: డ్రమ్స్, బేస్ ఒక్కటవ్వాలంటే ఇక్కడ రెండు గంటలు వాయించి చూడండి

బెజవాడ పటమటలో మెయిన్ రోడ్డుకి రెండు సందులు లోపల, ఒక ఇంటి మేడ మీద ఉంది ఈ జామ్ రూమ్, అంటే బ్యాండ్లు అద్దెకి తీసుకుని రిహార్సల్ చేసుకునే గది. గంటకు 500 రూపాయలు. మా ఆర్కెస్ట్రా పెళ్లి రిసెప్షన్లకి, వినాయక చవితి పందిళ్లకి, దసరా స్టేజీలకి వాయిస్తుంది, నాది బేస్ గిటార్. బెజవాడలో రిహార్సల్‌కి చోటు దొరకడమే కష్టం కాబట్టి ఎవరైనా ముందు ఏసీ ఉందా, డ్రమ్ కిట్ ఉందా అనే అడుగుతారు. రెండూ ఉన్నాయి. కానీ నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అవి కావు. ఒక బ్యాండ్ మొత్తం ఒకే లయలో బిగుసుకుని నడవాలంటే ఏం కావాలో తెలిసిన మనిషి ఈ రూమ్ నడుపుతున్నాడు, గదిని కూడా దానికి తగ్గట్టే కట్టుకున్నాడు.

ముందు గది సంగతి. చిన్న గదుల్లో బేస్ శబ్దం మూలల్లో పేరుకుపోతుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ ఉత్తినే మీటితే దాదాపు 41 హెర్ట్జ్ పలుకుతుంది, అంత కింది స్థాయి శబ్దాన్ని గోడకి అంటించిన పల్చటి స్పాంజి ఏం ఆపుతుంది? ఇంకో చోట కోడిగుడ్ల అట్టలు అంటించి సౌండ్‌ప్రూఫ్ అన్నారు, అక్కడ నేను మీటిన నోటు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో నాకే తెలిసేది కాదు, ఒకటే హోరు. ఇక్కడ నాలుగు మూలల్లోనూ కింద నుంచి పై దాకా రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి ఉన్ని) నింపి గుడ్డ చుట్టిన మందపాటి పలకలు నిలబెట్టారు. కిక్, అంటే కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్, దబ్ మని పడి అక్కడికక్కడే ఆగిపోతుంది. అది ఆగడం చెవికి తెలిస్తేనే బేస్ దాని మీద సరిగ్గా కూర్చుంటుంది.

రెండోది, ఎవరు ఎక్కడ నిలబడాలన్నది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే ఒక్కో మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. పెద్ద స్టేజీ మీద డ్రమ్మర్ ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో 8 మీటర్లు ఉందనుకోండి, మానిటర్ (వాయించేవాళ్ల వైపు తిప్పిన స్పీకర్) లేకపోతే అతని కిక్ నా చెవిన పడేసరికి 23 మిల్లీసెకన్లు ఆలస్యం. దాన్ని విని నేను వాయిస్తే అది అతని దగ్గరికి పోవడానికి ఇంకో 23. టెంపో 100లో, అంటే నిమిషానికి 100 బీట్లలో ఉంటే ఒక బీట్ 600 మిల్లీసెకన్లు, దాన్ని నాలుగు చేస్తే ఒక్కో ముక్క 150. అందులో దాదాపు మూడో వంతు గాలిలోనే పోయింది! ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగుతూ పాటని కిందికి లాగేస్తారు. ఎంత ప్రాక్టీస్ చేసినా స్టేజీ మీద పాట ఈడ్చుకుంటూ పోతోందని గొడవపడే గ్రూపులు ఒక్కసారి ఈ దూరం కొలుచుకోండి. ఇక్కడ బేస్ ఆంప్లిఫయర్‌ని హై-హ్యాట్ (డ్రమ్ కిట్‌లో కాలితో మూసి తెరిచే జంట తాళాలు) పక్కనే పెట్టారు, నేను నిలబడితే డ్రమ్మర్ కుడి పాదం కనిపిస్తుంది. పెడల్ మీద ఆ పాదం లేవడం చూస్తే చాలు, దెబ్బ ఎప్పుడు పడుతుందో చెవికంటే ముందే తెలిసిపోతుంది.

రూమ్ నడిపే అన్న పాత డ్రమ్మర్. అడిగితేనే లోపలికి వస్తాడు, తప్పకుండా అడగండి. వచ్చి మా కీబోర్డ్, ప్యాడ్ (డ్రమ్, ఢోలక్ శబ్దాలు పలికించే ఎలక్ట్రానిక్ పలక), గిటార్ అన్నీ ఆపించి డ్రమ్స్, బేస్ రెండే వాయించమన్నాడు. నాలుగు ఆవృత్తాలు విని, "తమ్ముడూ, ఎత్తుకోవడం బానే ఉంది, నోటు ఎక్కడ ఆపుతున్నావో చూసుకో" అన్నాడు. కిక్‌తో పాటు మీటిన నోటుని స్నేర్ (డ్రమ్ కిట్‌లో చురుగ్గా పలికే చిన్న డ్రమ్) పడే క్షణానికి ఎడమ చేతి వేళ్లు తీగ మీద కాస్త వదులు చేసి ఆపేయమన్నాడు. వేళ్లు పూర్తిగా ఎత్తకూడదు, తీగకి తగిలే ఉండాలి, లేకపోతే అది మళ్లీ పలుకుతుంది. అలా ఆపగానే స్నేర్ ఒక్కసారిగా పెద్దగా వినిపించింది. డ్రమ్మర్ గట్టిగా కొట్టలేదు, నేను ఖాళీ ఇచ్చానంతే. గ్రూవ్‌లో, అంటే పాట ఊపులో, సగం ఈ ఖాళీలోనే ఉందని నా అభిప్రాయం, కలిసి మొదలుపెట్టడం గురించి అందరూ మాట్లాడతారు, కలిసి ఆపడం గురించి ఎవరూ పట్టించుకోరు.

తర్వాత కీబోర్డ్ తమ్ముడి వంతు. మన ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ లేని రోజుల నుంచి ఎడమ చేత్తో బేస్ వాయించడం అలవాటు, బేసిస్ట్ వచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు. దాని మీద ప్యాడ్‌లో ఢోలక్ గుంకీ (లావు శబ్దం) దెబ్బ కిక్ పడే చోటే పడుతుంటే కింది స్థాయిలో ముగ్గురు కొట్టుకోవడమే. కీబోర్డ్ ఎడమ చెయ్యి తీయించాడు, ఢోలక్‌లో గుంకీ తగ్గించి చాటీ (సన్న శబ్దం) వైపు దెబ్బలు ఉంచాడు. అదే పాట, అవే వాయిద్యాలు, సగం రద్దీ తగ్గిపోయింది.

అమెరికా ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండ్ నడిచింది ఈ క్రమశిక్షణ మీదే. మొదటి బీట్ మీద అందరూ గట్టిగా దిగాలి, మిగతా చోట ఎవరి చిన్న ముక్క వాళ్లది. 1970లో ఆ బ్యాండ్‌లో చేరిన బేసిస్ట్ బూట్సీ కాలిన్స్‌కి ఆ మొదటి బీట్ పట్టింపు అక్కడే అబ్బింది. అక్కడే వాయించిన డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ స్నేర్ మీద వినీ వినిపించనట్టు వేసే దెబ్బలు వినండి, మధ్యలో ఎంత సందు ఉన్నా నడక తెగదు. మనకి ఇది కొత్తేమీ కాదు. పక్కనే ఉన్న కూచిపూడి సంప్రదాయంలో నట్టువాంగం (నాట్యాన్ని నడిపించే) తాళం, మృదంగం, నర్తకి పాదం మూడూ సమం (ఆవృత్తం మొదటి దెబ్బ) మీద కలవకపోతే ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లు ఇట్టే పట్టేస్తారు. లైవ్ బ్యాండ్‌ని మాత్రం అంత శ్రద్ధగా వినం, అదే నాకు బాధ.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది క్లిక్‌తో (బీటు బీటుకి టిక్ మనే శబ్దంతో) చేయించే పని. అందరి హెడ్‌ఫోన్లలో క్లిక్ వస్తుంది, అన్నీ వైర్ ఉన్నవే, బ్లూటూత్ అయితే ఆలస్యం వల్ల ఈ పనికి అస్సలు పనికిరాదు. కాసేపు వాయించాక చెప్పకుండా నాలుగు ఆవృత్తాలు క్లిక్ ఆపేసి మళ్లీ వదులుతాడు. పల్లవి నుంచి చరణానికి వెళ్లే చోట, డ్రమ్మర్ రోల్ వేసే చోట ఆపితే మేం ఎప్పుడూ ముందుకి పరిగెత్తేవాళ్లం. తర్వాత క్లిక్‌ని 2, 4 బీట్ల మీద మాత్రమే ఇచ్చాడు. అప్పుడిక మొదటి బీట్ బాధ్యత మొత్తం మనదే, ఒకరినొకరు వినక తప్పదు. రెండో గంట చివరికి ఒక పాటలో అందరం దిగిన చోట గదిలో ఒకే వాయిద్యం ఉన్నట్టు వినిపించింది, మా గాయని పాడడం ఆపి మరీ నవ్వింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కీబోర్డ్, ప్యాడ్ మోసుకుని మెట్లు ఎక్కాలి, లిఫ్ట్ లేదు. కారు ఆ సందులో పట్టదు, మెయిన్ రోడ్డు మీద పెట్టుకోవాలి. గిటార్ ఆంప్లిఫయర్ పాతది, వాల్యూమ్ తిప్పితే గరగరమంటుంది, మీది ఉంటే తెచ్చుకోండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైట్లు, మిక్సర్ నడుస్తాయి, ఏసీ నడవదు, మే నెలలో బుక్ చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

పాట మొత్తం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వాయించుకుని వెళ్లిపోదాం అనుకునే గ్రూపులకి ఇంకా చవకైన చోట్లు ఉన్నాయి. డ్రమ్స్, బేస్ ఉండి, ఆరేడు నెలలుగా కలిసి వాయిస్తున్నా ఎక్కడో అతకడం లేదనిపిస్తే మాత్రం ఇక్కడికే రండి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం స్లాట్ తీసుకోండి, ఆ అన్న ఉండేది అప్పుడే. సాయంత్రాలు ఒక కుర్రాడు తాళం తీసి ఇచ్చి కిందికి వెళ్లిపోతాడు.