కొత్త సముద్ర చేపకు క్వారంటైన్: రాగి మందా (కాపర్), తొట్టి మార్పిడా, ఉప్పు తగ్గింపా?

వరంగల్, హన్మకొండలో ఉప్పునీటి అక్వేరియం పెట్టినవాళ్లకు చేపలు చెన్నై కొలత్తూరు నుంచో హైదరాబాద్ నుంచో రావాలి. అమ్మే చోట చాలా తొట్లకు ఒకే నీళ్లు తిరుగుతుంటే, మెరుస్తూ కనిపించే చేప మొప్పల్లోనూ పరాన్నజీవి దాగి ఉండొచ్చు. అది పెద్ద తొట్టిలో దిగాక మందు వేసే దారి ఉండదు. దానికి వాడే రాగి (కాపర్) మందు పగడాలను, రొయ్యలను, నత్తలను చంపేస్తుంది, రాళ్లూ ఇసుకా దాన్ని పీల్చుకుంటాయి. ఇక చేపలన్నిటినీ బయటికి తీసి, తొట్టిని 76 రోజులు చేపల్లేకుండా నడపాలి. కొత్త చేపను ముందు విడిగా ఉంచడానికి 40 లీటర్ల తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు పెట్టుకోవడం దానికంటే ఎంతో తేలిక.

కొందరు ఏ మందూ వేయకుండా నాలుగు వారాలు చూసి వదిలేస్తారు. టాంగ్ లాంటి చేపకు ఇది చాలదు. తెల్లమచ్చ రోగం తెచ్చే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి మొప్పలకే పరిమితమైతే ఒంటిమీద ఒక్క చుక్కా కనిపించకపోవచ్చు. కాబట్టి అసలు పోటీ కాపర్, తొట్టి మార్పిడి, ఉప్పు తగ్గింపు అనే మూడు పద్ధతుల మధ్యే.

కాపర్ తెల్లమచ్చనూ, అంతకంటే వేగంగా చంపే మరో పరాన్నజీవి రోగం వెల్వెట్‌నూ రెండింటినీ ఆపుతుంది. మిగతా రెంటికీ లేని బలం ఇది. క్యూప్రమిన్ అనే రాగి మందు వాడితే 40 లీటర్లకు 1 మి.లీ., 48 గంటల తర్వాత ఇంకో 1 మి.లీ. అప్పుడు లీటరుకు 0.5 మి.గ్రా. చేరుతుంది. కీలేటెడ్ రకాలకు (రాగిని వేరే పదార్థంతో బంధించిన మందులకు) లెక్క వేరు, అవి 2.0 నుంచి 2.5 మధ్య ఉండాలి. ఒకదాని లెక్కతో ఇంకోటి పోస్తే చేప చావనైనా చస్తుంది, రోగం మిగలనైనా మిగులుతుంది. ఆ స్థాయిలో 14 రోజులు ఉంచి, పూర్తిగా శుభ్రమైన వేరే తొట్టికి మార్చాలి. అదే తొట్టిలో ఉంచేస్తే 30 రోజులు ఉంచాలి. రాగి చంపేది నీళ్లలో ఈదే పిల్లలనే, అడుగున అంటుకున్న గుడ్డు లాంటి సిస్టును కాదు. అందుకే మధ్యలో మోతాదు పడిపోతే రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచి.

రాగి కొలిచే పరికరం లేకుండా ఈ పద్ధతి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాం. రంగు చూసి పోల్చే కిట్ల కన్నా హన్నా డిజిటల్ చెకర్ మేలు. నీళ్లు మార్చినప్పుడు కొత్త నీళ్లలోనూ అదే మోతాదు కలపాలి. ఫిల్టర్లో కార్బన్ ఉంటే తీసేయాలి. అమ్మోనియా పెరిగిందని ప్రైమ్ లాంటి ద్రవం పోయడం ప్రమాదం: అది రాగిని మరింత విషపు రూపంలోకి మారుస్తుంది. నీళ్లు మార్చడమే మార్గం. మరుగుజ్జు ఏంజెల్, మాండరిన్ చేపలు రాగికి తట్టుకోవు.

తొట్టి మార్పిడిలో మందే లేదు. పరాన్నజీవి చేపను వదిలి అడుగున సిస్టుగా మారాక, అందులోంచి పిల్లలు బయటపడటానికి కనీసం మూడు రోజులు పడుతుంది. ఆ లోపు చేపను తీసేస్తే సిస్టులు పాత తొట్టిలోనే మిగిలిపోతాయి. 1వ రోజు మొదటి తొట్టి, 4వ రోజు రెండోది, 7న మళ్లీ మొదటిది, 10న రెండోది, 13న పరిశీలన తొట్టి. ఏ మార్పిడీ 72 గంటలు దాటకూడదు. సాయంత్రం ఆరుకు మొదలుపెడితే తర్వాతిది నాలుగైదింటికే చేసేయండి. వల కన్నా చిల్లుల ప్లాస్టిక్ గిన్నె మంచిది, టాంగ్ తోక ముల్లు వలకు చిక్కుకుంటుంది, పాత నీళ్లూ వెంట రావు. రెండో, నాలుగో విడతల్లో (4వ, 10వ రోజు తొట్టిలో) లీటరుకు 2.5 మి.గ్రా. ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు కలిపితే (40 లీటర్లకు 100 మి.గ్రా.) ఫ్లూకులు (మొప్పలకు, ఒంటికి పట్టే చదును పురుగులు) కూడా పోతాయి. ఆ రోజుల్లో గాలి ఎక్కువ పెట్టాలి.

ఖర్చు ఉప్పులో పడుతుంది. లీటరుకు సుమారు 38 గ్రాముల చొప్పున నాలుగు తొట్లకు 6 కిలోలు పైనే. రెండో ఇబ్బంది వానకాలం. ఖాళీ చేసిన తొట్టి, పైపులు, ఎయిర్ రాయి పూర్తిగా ఎండాలి. జూలై, ఆగస్టు ముసురులో అవి మూడు రోజులకూ ఆరవు. బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, నీళ్లతో బాగా జాడించి, ఫ్యాను కింద పెట్టాలి, లేదా రెండో జత సామాను కొనాలి. వెల్వెట్‌ను మాత్రం ఈ పద్ధతి నమ్మకంగా ఆపలేదు, దాని పిల్లలు మూడు రోజుల్లోపే బయటికి రావొచ్చు.

ఉప్పు తగ్గించడం చవక. నీటి సాపేక్ష సాంద్రతను 1.025 నుంచి రెండు రోజుల్లో 1.009కి, అంటే సుమారు 12 పీపీటీకి (వెయ్యి భాగాల నీటిలో 12 భాగాల ఉప్పుకు) దించి 30 రోజులు ఉంచుతారు. చేప తట్టుకుంటుంది, తెల్లమచ్చ సిస్టు తట్టుకోలేదు. అయితే ఈ పద్ధతికి మన ఎండకాలం శత్రువు. బయట 42, 43 డిగ్రీలున్నప్పుడు చిన్న తొట్టి నీళ్లు 31 దాటుతాయి, చల్లబరచడానికి ఫ్యాను పెడితే ఆవిరి పెరుగుతుంది. 40 లీటర్లలో 4 లీటర్లు పోతే 12 పీపీటీ కాస్తా 13 దాటుతుంది, చికిత్స జారిపోతుంది. పూటకోసారి నీటి మట్టం గీత చూసి ఆర్వో నీళ్లు పోయాలి. బోరు నీళ్లు పోస్తే కాఠిన్యం, ఇతర లవణాలు లోపలికి చేరతాయి. ఉప్పు కొలిచే చవక రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ ద్రావణంతో సరిచూడకపోతే 1.009 అనుకున్నది 1.011 అయి ఉండొచ్చు, అప్పుడు అంత శ్రమా వృథా. ఉప్పు తగ్గితే పీహెచ్ కూడా పడుతుంది, వంటసోడా దగ్గర ఉంచుకోవాలి. తిరిగి పెంచేటప్పుడు వారం పట్టించండి. వెల్వెట్ మీద ఇది అసలు పనిచేయదు.

మా తీర్పు ఇది. చెకర్ ఉంటే, చేప రాగికి తట్టుకునేదైతే కాపర్. చెకర్ లేకపోయినా, ఏంజెల్, మాండరిన్ లాంటివి తెచ్చినా తొట్టి మార్పిడి చేసి, తర్వాత నెల రోజులు వెల్వెట్ కోసం కనిపెట్టి ఉండాలి: ఒళ్లంతా పౌడరు చల్లినట్టుంటే, ఊపిరి వేగమైతే, రాగికి తట్టుకునే చేపకు ఆ రోజే చెకర్ సంపాదించి కాపర్. ఉప్పు తగ్గింపు చలికాలానికే. ఏప్రిల్, మే నెలల్లో చేప తెప్పించకపోవడమే మంచిది: ప్రయాణంలో సంచి వేడెక్కుతుంది, ఇంటికి వచ్చాక కరెంటు పోతే వెచ్చని నీళ్లలో ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. ఏ కాలమైనా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ తప్పనిసరి.

క్లౌన్ చేప జిగురు పొరలు ఊడుతూ ఊపిరికి కొట్టుకుంటుంటే అది బ్రూక్లినెల్లా అనే వేరే పరాన్నజీవి, పై మూడింటిలో ఏదీ దాన్ని ఆపలేదు. దానికి ఫార్మలిన్ వాడాలి. పగడాలకు, నత్తలకు రోగం సోకదు గానీ వాటి రాయికి, చిప్పకు సిస్టు అంటుకుని రావొచ్చు. చేపల్లేని తొట్టిలో 76 రోజులు ఉంచి అప్పుడే పెద్ద తొట్టిలో పెట్టండి.