గోల్ పడని మ్యాచ్ కోసం భువనేశ్వర్‌లో రెండు రాత్రులు

పాఠశాల జట్టులో గోల్‌కీపర్‌గా ఆడుతున్న మా మేనకోడలిని, ఇండియన్ విమెన్స్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూపించడానికి శ్రీకాకుళం నుంచి భువనేశ్వర్ తీసుకువెళ్లాను. 2016–17లో మొదలైన ఈ లీగ్, జట్లన్నీ ఒకచోట చేరి ఆడే పద్ధతిలో సాగినన్నాళ్లూ మా బోటివారికి అందలేదు. 2023–24 నుంచి ప్రతి జట్టూ సొంత ఊళ్లోనూ ఎదుటివారి ఊళ్లోనూ ఆడడం మొదలయ్యాక, ఆ ఏడాదే విజేతగా నిలిచిన ఒడిశా ఎఫ్‌సీ నగరం మాకు ఒక పూట ప్రయాణమైంది.

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో సాయంత్రం వందే భారత్ ఎక్కాము. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరిది ఆ పక్కనున్న ఊసవానిపేటేనని రైలు కోసం చూస్తూ పిల్లకు చెప్పాను. ఛార్జీ ఎక్కువే అయినా, రాత్రి భోజనం వేళకు క్షేమంగా దిగాము కనుక ఆ ఖర్చు నాకు భారమనిపించలేదు.

బస విషయంలోనే పొరబడ్డాను. స్టేషన్‌కు దగ్గరని మాస్టర్ క్యాంటీన్ కూడలి వైపు ఒక లాడ్జికి వెళితే, గుర్తింపు కార్డులు చూపించినా, వెంట మగవారెవరూ లేరా అని పదేపదే అడిగి అరగంట నిలబెట్టారు. ఆడపిల్ల ముందు అలా నిలబడవలసి రావడం నన్ను ఎంతో బాధించింది. మర్నాడు జయదేవ్ విహార్ వైపు మారాము. అద్దె కొంత ఎక్కువైనా మర్యాద ఉంది, కళింగ స్టేడియమూ దగ్గరే.

2022లో అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో మన జట్టు ఆడింది ఆ స్టేడియంలోనే. మధ్యాహ్నం మ్యాచ్‌కు వెళ్లేవారు పడమటి గ్యాలరీలో కూర్చుంటే ఎండ ముఖాన పడదు. ప్రేక్షకులు పలచగా ఉన్నందువల్ల మైదానంలోని కేకలన్నీ వినిపించాయి. అతిథి జట్టు గోల్‌కీపర్, కార్నర్ (మైదానం మూల నుంచి తన్నే కిక్) పడిన ప్రతిసారీ ఎవరు ఎవరిని కాచుకోవాలో పేరుపెట్టి పిలిచి చెప్పడం, రెండో అర్ధభాగంలో గోల్ ముందుకు వచ్చిన బంతిని గుంపు మీదుగా పిడికిలితో కొట్టి పంపడం మా పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. టీవీలో కెమెరా బంతి వెంటే పోతుంది కనుక, బంతి దూరంగా ఉన్నప్పుడు గోల్‌కీపర్ ఎంత ముందుకు వచ్చి నిలబడుతుందో తనకు అంతవరకు తెలియలేదట.

చివరికి 0–0. లీగ్ మ్యాచ్ కనుక అదనపు సమయమూ, పెనాల్టీ షూటౌటూ లేవు, చెరొక పాయింటే. అయితే ఆతిథ్య జట్టు అమ్మాయిలు గడ్డి మీద కూలబడగా, అతిథులు తమ గోల్‌కీపర్‌ను చుట్టుముట్టి కౌగిలించుకున్నారు. ఒక్క గోలైనా చూడలేదని నేను నొచ్చుకుంటే, "ఇద్దరు కీపర్లూ గెలిచారత్తా" అంది మా పిల్ల.

తిరుగు రైలు తెల్లవారుజామునే బయలుదేరుతుంది కనుక మ్యాచ్ తరువాత మరో రాత్రి ఆగక తప్పదు, ఆటోను ముందురోజే మాట్లాడుకోవాలి. వచ్చేటప్పుడు ఎడమవైపు కిటికీ సీట్లు తీసుకుంటే బాలుగావ్ దగ్గర లేత ఎండలో చిలికా సరస్సు కనిపిస్తుంది.