కొచ్చి నుంచి వైజాగ్‌కి పాత ఫైబర్ బోటు: ఎక్కడ చూశాం, ఎక్కడ దిగాం, లారీ మీద ఎలా తెచ్చాం

ఫిషింగ్ హార్బర్ మన ఊళ్ళోనే పెట్టుకుని కొచ్చి వెళ్ళి పాత బోటు కొనడమేంటి అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు కాబట్టి అన్నీ ఒకేసారి రాసేస్తున్నా. మా బావకి కావాల్సింది గాలం వేటకి పనికొచ్చే ఇరవై రెండు అడుగుల ఫైబర్ బోటు, వెనకాల అవుట్‌బోర్డ్ ఇంజన్ తగిలించుకునేది. మన దగ్గర అమ్మకానికొచ్చేవి చూస్తే పెద్ద బోట్లు, కాదంటే జాలారిపేట ఒడ్డు మీంచి కెరటాల్లోకి తోసుకెళ్ళే తెప్పలు. పైగా 2023 నవంబర్ 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి నలభై దాకా బోట్లు పాడయ్యాయి కదా, అప్పట్నుంచి మంచి పాత సరుకు ఎవడూ తక్కువకి వదలట్లేదని బావ లెక్క.

చేపల వేటకి కాకుండా సరదాకి కొనాలనుకునే వాళ్ళకి ఒక మాట, షికారు బోట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం అయిపోయింది, వేట బోట్లకి అంత లేదు. అందుకే షికారు బోట్ల వైపు కూడా ఇప్పుడు అందరి చూపూ సెకండ్ హ్యాండ్ మీదే.

టైమ్ విషయానికొస్తే జూన్ మొదట్లో వెళ్ళాం. మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, బావ ఖాళీగా ఉంటాడు, ప్రభుత్వం ఇచ్చే ఇరవై వేలు ఇంటికే సరిపోతాయి అది వేరే సంగతి. కేరళలో ట్రాలర్లకి జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై 31 దాకా 52 రోజులు బంద్, చిన్న బోట్లకి ఆ బంద్ లేదు కానీ వర్షాలు మొదలయ్యాక వాటిల్లో కూడా చాలావరకు ఒడ్డు మీదే ఉంటాయి. కొనేవాడికి ఇంతకంటే మంచి టైమ్ లేదు, ఎందుకంటే బోటు అడుగు కనపడుతుంది. నీళ్ళల్లో ఉన్న బోటు బేరం ఆడితే సగం బోటే చూసినట్టు.

చెన్నైలో కాసిమేడు ఫిషింగ్ హార్బర్ కూడా లిస్టులో ఉండింది, అక్కడ ఆగి చూసే వెళ్ళాం. దగ్గర, ఎనిమిది వందల కిలోమీటర్లే, లారీలు బోలెడు, బావకి అరవం కూడా వచ్చు. కానీ మాకు కావాల్సిన సైజులో అవుట్‌బోర్డ్‌వి మేం వెళ్ళినప్పుడు రెండో మూడో ఉన్నాయి, వాటి ఓనర్లని కలవనివ్వకుండా మధ్యలో మనుషులు. గోవా నుంచి ఫోటోలొచ్చాయి, తెల్లగా మెరిసిపోతున్నాయి, ఫోటో చూసి అడ్వాన్స్ కొట్టమన్నారు, అక్కడితో వదిలేశాం.

రైలు మన అయ్యప్ప స్వాములందరికీ తెలిసిన బొకారోనే, అదే ధన్‌బాద్-అలెప్పీ. చెన్నైలో దిగాల్సొచ్చింది కాబట్టి అక్కణ్ణుంచి వేరే రైల్లో ఎర్నాకుళం. స్లీపర్‌లో వెళ్ళొద్దు, వర్షాకాలంలో కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే జల్లు.

ఎక్కడ దిగాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ బోటు పని మీద వెళ్ళినప్పుడు అదే ముఖ్యం. మేం చూడాల్సిన బోట్లు మునంబంలో ఉన్నాయి, వైపిన్ దీవి ఉత్తరం కొస, పెరియార్ నది సముద్రంలో కలిసే చోటు. ఎర్నాకుళం సౌత్ స్టేషన్ దగ్గర లాడ్జ్ తీసుకుంటే రోజూ పొద్దున్న బస్సులో గంట పైనే పోతుంది. ఫోర్ట్ కొచ్చి హోమ్‌స్టేలు బావుంటాయి, పాత ఇళ్ళు, చీనా వలలు, కాఫీ షాపులు, ఫ్యామిలీతో వస్తే అక్కడే ఉండండి, కానీ బోటు కొనడానికొస్తే రోరో, అంటే బండ్లని కూడా ఎక్కించుకునే ఫెర్రీ, ఎక్కి వైపిన్‌కి దాటి మళ్ళీ బస్సు పట్టుకోవాలి. మేం చెరాయి బీచ్ దగ్గర ఒక హోమ్‌స్టేలో దిగాం. జూన్‌లో సముద్రం గట్టిగా ఉంటుంది, టూరిస్టులు రారు, రూము పదిహేను వందలకే ఇచ్చారు, ఆ పెద్దావిడ పొద్దున్నే పుట్టు, శనగల కూర పెట్టేది. మునంబం అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు. పరుపులు చెమ్మ వాసన, బట్టలు ఆరవు, వైఫై వాన పడితే పోతుంది, అయినా నేను మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతా. సాయంత్రాలు ఖాళీ ఉంటే హైకోర్టు దగ్గర నుంచి వాటర్ మెట్రో ఎక్కండి, 2023లో మొదలైంది, అన్నీ బ్యాటరీ బోట్లు, కొచ్చిన్ షిప్‌యార్డ్‌లోనే కట్టినవి. బావ అయితే ఒడ్డుకి కట్టే పద్ధతి చూడ్డానికే రెండుసార్లు ఎక్కాడు. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ జల ఉషని 1948లో నీళ్ళల్లోకి దింపిన ఊరు మనది, మనకి మాత్రం ఇలాంటిది ఒక్కటీ లేదు, సర్లే.

ఇక అసలు సంగతి. మేం మొదట చూసిన బోటు కొత్తగా రంగేసి ఉంది, ఓనర్ చాలా మర్యాదస్తుడు, టీలు తెప్పించాడు. బావ చుట్టూ ఒక రౌండ్ తిరిగి "ఏటి బామ్మర్దీ, పెళ్ళిచూపులకి కూకోబెట్టినట్టు ఇంత పౌడరేటి దీనికి" అన్నాడు. స్క్రూడ్రైవర్ తిరగేసి ప్లాస్టిక్ పిడితో అడుగంతా జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోయాడు. టక్ టక్ టక్ అని గట్టిగా వస్తున్న చప్పుడు వెనకవైపు ఇంజన్ తగిలించే పలక దగ్గరకొచ్చేసరికి డబ్ డబ్ అని బోలుగా మారింది. ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, పైన ఫైబర్. ఇంజన్ బోల్టుల కన్నాల్లోంచి నీళ్ళు దిగితే ప్లైవుడ్ లోపల్లోపలే కుళ్ళిపోతుంది, బయటకి ఏమీ కనపడదు. బోల్టు చుట్టూ తుప్పు చార ఉంటే అనుమానించాలి, దీనికి ఆ చార మీద కూడా రంగేసేశారు. టీ తాగి దండం పెట్టి వచ్చేశాం.

తర్వాత చూసిన వాటిల్లో ఒకటి నచ్చింది. రంగు వెలిసిపోయింది, పక్కన గీతలు, ముందు భాగంలో సాలెగూడులాగా సన్నటి పగుళ్ళు, అవి పైపూత వరకే, గోరు దిగట్లేదు. వెనక పలక గట్టిగా మోగింది. ఓనర్ ముసలాయన, కొడుకు గల్ఫ్‌లో, ఇంక వేటకి వెళ్ళట్లేదు. ధర ఆయన చెప్పిందాంట్లో పెద్దగా తగ్గలేదు కానీ మూడు షరతులకి ఒప్పుకున్నాడు: కాయల్‌లో, అంటే అక్కడి బ్యాక్‌వాటర్‌లో, దింపి గంటసేపు నడిపి చూపించాలి, రిజిస్ట్రేషన్ కాగితాల మీద బకాయిలేమీ ఉండకూడదు, మిగతా డబ్బు లారీ కాటా వేయించాకే.

ఇంజన్ మాత్రం వద్దన్నాం. కేరళలో చిన్న బోట్లవాళ్ళు చాలామంది కిరోసిన్‌తో నడిచే యమహాలు, సుజుకీలు వాడతారు, అక్కడ వాళ్ళకి పర్మిట్ మీద సబ్సిడీ కిరోసిన్ వస్తుంది. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి వేడెక్కాక కిరోసిన్‌కి మారుస్తారు. మన దగ్గర రేషన్ కిరోసిన్ ఎప్పుడో ఆగిపోయింది, ఆ ఇంజన్ తెచ్చుకుని ఏం చేస్తాం? చౌకగా వస్తోంది కదా అని చాలామంది కలిపి కొనేస్తారు, నా సలహా మాత్రం బోటు వేరు ఇంజన్ వేరు అనుకోండి. ఒకవేళ పెట్రోల్ ఇంజనే అయినా కింద గేర్ ఆయిల్ బోల్టు విప్పించి చూడండి, ఆయిల్ పాలల్లే తెల్లగా వస్తే సీలు పోయి నీళ్ళు చేరినట్టే. నడుస్తున్నప్పుడు వెనక సన్నటి ధారగా నీళ్ళు చిమ్మాలి, చిమ్మకపోతే కూలింగ్ లేదన్నమాట.

లారీ గురించి చెప్పాలంటే చాలా ఉంది. కొలత ముందు, బేరం తర్వాత. బండి వెడల్పు 2.6 మీటర్లు దాటితే ఓడీసీ, అంటే కొలత మించిన లోడు, కింద లెక్క, పర్మిషన్లు, ఎస్కార్ట్, రేటు రెట్టింపు. ఈ-వే బిల్లు, అంటే సరుకు లారీలో పంపడానికి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే కాగితం, అది కూడా మామూలు లోడుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువిస్తారు, ఓడీసీకి 20 కిలోమీటర్లకే ఒక రోజు. మా బోటు వెడల్పు ఏడడుగుల లోపే కాబట్టి ఇరవై నాలుగు అడుగుల ఓపెన్ బాడీలో పట్టేసింది, వైజాగ్ దాకా 1,400 కిలోమీటర్ల పైచిలుకు, బిల్లుకి ఎనిమిది రోజుల గడువు దొరికింది. సరుకు విలువ యాభై వేలు దాటితే ఈ బిల్లు అడుగుతారు, జీఎస్టీ నంబర్ లేనివాళ్ళు పోర్టల్లో సిటిజన్ అని ఉన్న చోట సొంతంగా తీసుకోవచ్చు. దీనికి ఏజెంట్ అక్కర్లేదు.

మొదట బోట్లు మోయడమే మా పని అని చెప్పుకునే ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళతో మాట్లాడాం. ఫోన్లో ఒక రేటు, వాట్సాప్‌లో ఇంకో రేటు, పొద్దున వస్తానన్న బండి రాలేదు, సాయంత్రం ఫోన్ చేసి వెడల్పు ఎక్కువ కాబట్టి ఇంకో ఇరవై వేలు అన్నారు, బోటు కొలతలు వాళ్ళకి ముందే పంపాం! వాళ్ళని వదిలేశాక హోమ్‌స్టే పెద్దావిడే దారి చూపించింది. గోదావరి జిల్లాల నుంచి కేరళకి బియ్యం లోడ్లు పోతాయి కదా, ఆ లారీలు దించేశాక వెనక్కి లోడు కోసం చూస్తుంటాయి. మనూరి వైపు వెళ్ళేవి, డ్రైవర్లు తెలుగువాళ్ళు. ఒకటి దొరికింది, బోట్ల ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు చివరగా చెప్పిన రేటులో మూడింట రెండు వంతులకే. డ్రైవర్ తుని కుర్రాడు, బోటు ఎప్పుడూ ఎక్కించలేదట, కానీ చెప్పింది విన్నాడు, అది చాలు.

ఎక్కించడానికి హైడ్రా క్రేన్ పిలిచాం. బెల్టులు వెడల్పాటి నైలానువి అడగండి, వైరు రోపుతో ఎత్తితే అంచులు నలిగిపోతాయి. లారీలో పాత టైర్లు, వాటి మీద ఇసుక బస్తాలు, బోటు బరువంతా అడుగున ఉన్న దూలం మీద పడాలి, పక్కలు ఊరికే ఆనాలి. ముక్కు ముందుకే. టార్పాలిన్ వదులుగా కప్పొద్దు, గాలికి కొట్టుకుని దారంతా ఫైబర్‌ని గీకేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అడుగున డ్రెయిన్ ప్లగ్ విప్పి జేబులో వేసుకోండి. ఆ వర్షంలో ప్లగ్ ఉంచేస్తే పాలక్కాడ్ దాటేలోపు బోటు నీళ్ళ ట్యాంక్ అయిపోతుంది, వెయ్యి లీటర్లంటే టన్ను, బెల్టులు తెగుతాయి.

కాటా సంగతి ఇది. లారీని ఖాళీగా ఒకసారి, బోటుతో ఒకసారి తూయించాం. ఇలాంటి బోట్ల అడుగు గదుల్లో తేలడానికి ఫోమ్ నింపుతారు, అది పాతబడి నీళ్ళు పీల్చేసిందా అన్నది కోసి చూస్తే గానీ తెలీదు, కానీ బరువు చెప్పేస్తుంది. కట్టిన యార్డులో అడిగితే ఎనిమిది వందల కిలోలకి అటూ ఇటూ ఉండాలన్నారు, కాటా తేడా ఎనిమిది వందల ముప్ఫై వచ్చింది. బావ ఆ చీటీ రెండుసార్లు చదివి, అక్కడే నిలబడి ముసలాయనకి మిగతా డబ్బు పంపించేశాడు.

దారిలో కేరళ బోర్డర్ వాలయార్ దగ్గర కాగితాలు చూశారు, అంతే. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ మాత్రం తీసుకోండి, లారీ ఇన్సూరెన్స్ మన సరుకుకి వర్తించదు. బావ లారీలోనే వచ్చాడు, ఒంగోలు దగ్గర ధాబాలో పప్పుచారు అన్నం తిని ఫోన్ చేసి ఎంత సంతోషపడ్డాడో, కేరళలో తినే ఆ ఎర్ర మట్ట బియ్యం అతనికి అస్సలు పడలేదు.

వైజాగ్‌లో పగలు పెద్ద బండ్లని సిటీలోకి రానివ్వరు కాబట్టి లారీ గాజువాక అవతల ఆగి, రాత్రి ఎన్ఏడీ, కాన్వెంట్ జంక్షన్ మీదుగా హార్బర్‌కి వచ్చింది. ఇక్కడే ఎక్కువ తిప్పలు పడ్డాం. జూన్ 14 దగ్గర పడింది కదా, ఐస్ లోడ్లు, డీజిల్ డ్రమ్ములు, వలలు, బోటుకి పదిమంది జనం, హైడ్రా తిరగడానికి చోటు లేదు. క్రేన్ వాడు తెల్లారేదాకా వెయిటింగ్ చార్జి వేశాడు. మీరు తెచ్చుకుంటే మే నెలలో దించుకునేలా చూసుకోండి, లేదా బోట్లన్నీ వేటకి వెళ్ళిపోయాక.

కాగితాల పని ఇంకా నడుస్తోంది. అక్కడి నుంచి అభ్యంతరం లేదనే కాగితం, అదే ఎన్‌ఓసీ, తెచ్చుకుని ఇక్కడ మత్స్యశాఖలో వేట బోట్ల రిజిస్ట్రేషన్‌కి ఉన్న రియల్‌క్రాఫ్ట్ పోర్టల్ ద్వారా మన రాష్ట్రం పేరు మీదకి మార్పించాలి, వాళ్ళొచ్చి బోటు కొలిచి చూస్తారు, కేఎల్ నంబర్ చెరిపి ఏపీ నంబర్ రాయించాలి, రంగు కూడా మన రాష్ట్రానికి చెప్పిన రంగే వేయాలి. ఎన్‌ఓసీ మాత్రం అక్కడ ఉన్నప్పుడే ఓనర్‌తో దరఖాస్తు పెట్టించి రండి, ఇంటికొచ్చాక ఫోన్లలో అయ్యే పని కాదది. ఇంజన్ కోసం ఇప్పుడు కాకినాడలో ఒకటి చూస్తున్నాం, నలభై హార్స్‌పవర్ పెట్రోల్‌ది, వచ్చే ఆదివారం బావ గేర్ ఆయిల్ బోల్టు విప్పడానికి స్పానర్ పట్టుకుని వెళ్తున్నాడు.