దేవుని స్వభావం మీద పన్నెండు పాఠాల ఆడియో కోర్సు: పూర్తిగా విన్నాక నా మాట

సండే స్కూల్‌లో తొమ్మిదేళ్ళ పిల్ల నన్నడిగింది: "టీచర్, నమ్మేవాళ్ళు ఒక్కరు కూడా మిగలకపోతే దేవుడు ఉంటాడా?" ఉంటాడమ్మా అన్నాను. "మరి అందరూ ఆయన్ని చెడ్డవాడనుకుంటే?" అప్పుడూ మంచివాడే అన్నాను. ఎందుకో చెప్పమంది. అక్కడ ఆగిపోయాను. పద్నాలుగేళ్ళుగా పిల్లలకు వాక్యం చెబుతున్నాను, ఆ "ఎందుకు"కి మాత్రం జవాబు నా చేతిలో లేదు. ఆ రాత్రే ఈ కోర్సులో చేరాను.

ఒక్కో పాఠం అరగంట. ఫోన్‌లో వినాలి, తర్వాత వర్క్‌బుక్‌లో ప్రశ్నలకు జవాబులు రాయాలి, వారానికోసారి వీడియో కాల్‌లో పదిమంది కలిసి మాట్లాడుకోవాలి. పాఠాలు చెప్పేవారి గొంతు నిదానంగా ఉంటుంది. వాక్యాన్ని నెమ్మదిగా చదువుతారు, చదివాక కాసేపు ఆగుతారు. నాకది బాగా నచ్చింది.

మొదటి రెండు పాఠాలు ఇంతకుముందు విన్న సంగతులే. మూడోది మొదలయ్యాకే నోట్‌బుక్ తీశాను. మండే పొద దగ్గర మోషే ఆయన పేరేమిటని అడిగితే దేవుడు "నేను ఉన్నవాడను" అన్నాడు (నిర్గమకాండము 3:14). ఐగుప్తు దేవతల్లో ఒకరిలాగానో, ఇశ్రాయేలీయులు ఏమనుకుంటున్నారో దాన్నిబట్టో ఆయన తనను పరిచయం చేసుకోలేదు. తానెవరో తానే చెప్పాడు. అప్పటికి ఆ జనం ఇటుకలు చేసే బానిసలు, ఆయన తమను మర్చిపోయాడనుకునే స్థితిలో ఉన్నారు. వాళ్ళలా అనుకున్నందువల్ల ఆయన మరచిపోయేవాడు కాలేదు. ఈ ఒక్క పాఠం కోసం కోర్సు తీసుకున్నా నష్టం లేదు.

ఐదో పాఠం ఎదుటివాళ్ళ వాదనకు నిజాయితీగా చోటిచ్చింది. మనిషి తన కోరికల్నే, తన గుణాల్నే పెద్దవి చేసి ఆకాశంలో పెట్టి దేవుడన్నాడని 1841లో జర్మన్ తత్త్వవేత్త ఫోయర్‌బాఖ్ రాశాడు. దాన్ని ఎగతాళి చేయకుండా చెప్పినందుకు నాకు గౌరవం కలిగింది. ఎందుకంటే మనుషులు నిజంగానే ఆ పని చేస్తారు. బైబిలే ఆ మాట అంటుంది: "నేను కేవలము నీవంటివాడనని నీవనుకొంటివి" (కీర్తన 50:21). అయితే మనం ఊహించుకున్న దేవుడైతే మన ఇష్టాలకు అడ్డు రాడు కదా! ఇక్కడ వాళ్ళు యోనా ప్రవక్తను తీసుకొచ్చారు. దేవుడు జాలిగలవాడని యోనాకు బాగా తెలుసు. యోనా కోపానికి కారణమే అది. నీనెవె పట్టణం నాశనమైతే చాలనుకున్నాడు, దేవుడు ఆ ఊరిని క్షమించాడు. తన ప్రవక్తకే నచ్చని దేవుణ్ణి ఆ ప్రవక్త ఎలా కల్పించుకుంటాడు? ఇది విన్న రోజు చాలాసేపు నిద్రపట్టలేదు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఏడోది, నీకయ సభ గురించి. క్రీస్తు దైవత్వాన్ని 325లో ఆ సభలో కూడిన బిషప్పులు ఓటు వేసి నిర్ణయించారని చాలామంది అంటుంటే విన్నాను, విని టెన్షన్ పడ్డాను కూడా. కుమారుడైన క్రీస్తు సృష్టించబడినవాడని అరియస్ అనే పాదిరి బోధించాడు, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి సభను పిలిపించాడు, సభ ఆ బోధను తిరస్కరించింది, ఇంతవరకు నిజమే. అయితే ఆ సభ తర్వాత జరిగింది వింటే ఓటు మాట నిలబడదు. కొన్నేళ్ళకే గాలి తిరిగింది. 359లో జరిగిన సభల్లో వందలమంది బిషప్పులు నీకయ మాటను పక్కనపెట్టిన తీర్మానాలకు సంతకాలు పెట్టారు. నీకయ విశ్వాసం కోసం నిలబడ్డ అలెగ్జాండ్రియా బిషప్పు అతనేసియస్‌ను ఐదుసార్లు ఊరినుంచి వెళ్ళగొట్టారు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ మళ్ళీ నీకయ వైపు నిలిచింది. అభిప్రాయాన్నిబట్టి స్వభావం ఉంటే, క్రీస్తు 325లో దేవుడై, 359లో కాకుండా పోయి, 381లో మళ్ళీ దేవుడు కావాలి! అలా ఎవరూ అనరు. సభలు ఒప్పుకోగలవు లేదా తప్పిపోగలవు, ఆయన్ని తయారుచేయలేవు.

ఇక లోపాలు. వర్క్‌బుక్‌లో "యెహోవానైన నేను మార్పులేనివాడను" అనే వాక్యానికి మలాకీ 6:3 అని అచ్చయింది. మలాకీలో ఉన్నవి నాలుగే అధ్యాయాలు, అది 3:6. కొత్తగా చదివేవాళ్ళు వెతికి వెతికి దొరక్క వదిలేస్తారు. రాసి పంపాను, జవాబు రాలేదు.

దానికన్నా పెద్ద లోపం పదో పాఠం, ప్రార్థన గురించి. దేవుడు మారడు సరే, మరి మన ప్రార్థన దేనికి? అందరూ అడిగే ప్రశ్నే. సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయంలోనే సౌలును రాజుగా చేసినందుకు పశ్చాత్తాపపడుతున్నానని దేవుడంటాడు (11వ వచనం), ఆయన నరుడు కాడు, పశ్చాత్తాపపడడని సమూయేలు అంటాడు (29వ వచనం). హెబ్రీలో రెండుచోట్లా ఒకే మాట. దీన్ని రెండు నిమిషాల్లో దాటేయడం అన్యాయం. నేనైతే పూర్వపు క్రైస్తవ గ్రంథకర్త ఒకరు చెప్పిన ఉదాహరణ చెప్పేదాన్ని: పడవలో ఉన్నవాడు బండకు కట్టిన తాడు పట్టుకుని లాగుతాడు. బండే తన దగ్గరికి వస్తున్నట్టు ఉంటుంది, కదిలేది మాత్రం పడవ. సౌలు విషయంలో మారింది సౌలు, దేవుని మాట వినడం మానేశాడు. అవిధేయత పట్ల దేవుని మనసు మొదటి రోజునుంచీ ఒకటే.

వీడియో కాల్స్ గురించి కూడా చెప్పాలి. ప్రతిసారీ "మీకు దేవుడంటే ఎవరు?" అని మొదలుపెట్టి, గంటలో ముప్పావు భాగం దానిమీదే గడిపేవారు. యేసు కూడా జనం ఏమనుకుంటున్నారని శిష్యుల్ని అడిగాడు. బాప్తిస్మమిచ్చు యోహాను, ఏలీయా, యిర్మీయా అని వాళ్ళు చెప్పారు. ఆయన ఆ జాబితా దగ్గర ఆగలేదు. నీవు క్రీస్తువని పేతురు సరిగ్గా చెప్పాక, అది తండ్రి బయలుపరచిందన్నాడు. మా కాల్స్ ఆ జాబితా దగ్గరే ఆగిపోయేవి.

తొమ్మిదో పాఠం వింటూ నేను ఏడ్చాను. మూడేళ్ళ క్రితం మా తమ్ముడు పోయాడు. మొదటి సంవత్సరం దేవుడు కఠినుడనుకున్నాను. రెండో సంవత్సరం ఆయనకు పట్టదనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ ప్రార్థిస్తున్నాను. మనం నమ్మదగనివారమైనా ఆయన నమ్మదగినవాడుగానే ఉంటాడని, తన స్వభావానికి విరోధంగా ఏదీ చేయలేడని (2 తిమోతి 2:13) ఆ రోజు విన్నాను. నా మనసు ఇన్నిసార్లు తిరిగినా, నేను ఏమనుకున్న రోజైనా ఆయన అలాగే ఉన్నాడు.

బైబిలు కొంత చదివినవాళ్ళు ధైర్యంగా తీసుకోండి. పదో పాఠానికి మాత్రం మీ పాస్టర్‌గారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ పిల్లకి వచ్చే ఆదివారం యోనా కథ చెబుతున్నాను.